చీకట్లో చేతికి దొరకాలి

పెదనాన్నకు కరెంటు పోయిన సంగతి ఫ్యాను ఆగితేనే తెలుస్తుంది. షుగరు వల్ల ఆయన చూపు పోయి అప్పటికి ఆరేళ్లు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నేను కోవూరులో వాళ్లింట్లో చిక్కుకుపోయాను. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి మీద లారీలు బారులు తీరాయి. మధ్యాహ్నానికే ఫోనులో సిగ్నల్ లేదు. సాయంత్రం ఆరు దాటేసరికి గదిలో కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించడం లేదు.

“ఫ్యాను ఎందుకు ఆగింది అబ్బాయ్?” అన్నారు.

“కరెంటు పోయింది పెదనాన్నా.”

“అయితే ట్రాక్టరు బ్యాటరీ విప్పుకుని రా.”

పెదనాన్న హ్యామ్, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో దూరాలవాళ్లతో మాట్లాడే మనిషి. ఆయన రేడియో సెట్టు కెన్‌వుడ్ టీఎస్-520. 1970ల నాటిది. ఎత్తితే నడుము పట్టేసే ఇనుప పెట్టె, లోపల చివరి దశలో రెండు వాల్వులు, ట్రాన్సిస్టర్లకు ముందటి కాలపు గాజు గొట్టాలు. 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా పనిచేస్తుంది. నేను ఫోను టార్చి వెలుగులో తీగలు బిగిస్తుంటే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు అరచేతులూ ప్యానెల్ మీద ఆనించి, ఒక్క క్షణం అలాగే ఉండిపోయారు. పొలంలో ఎద్దు మెడ నిమిరినట్టు. తర్వాత వేళ్లు కదిలాయి.

ముందు హీటర్ స్విచ్చి ఆపారు. వింటున్నంతసేపూ వాల్వుల హీటర్లు ఆపి ఉంచితే బ్యాటరీ ఆదా అవుతుంది, మాట్లాడే ముందు వేసుకుని కాసేపు ఆగితే చాలు. ఏ ఫ్రీక్వెన్సీల వరస మీద వినాలో ఎంచుకునే బ్యాండ్ స్విచ్చిని టక్కుటక్కుమనే చప్పుడు లెక్కపెట్టుకుంటూ తిప్పి 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆపారు. క్యాలిబ్రేటర్ వేశారు. అది ప్రతి 25 కిలోహెర్ట్జ్‌కూ ఒక కూత పెడుతుంది. పెద్ద నాబ్ తిప్పుతుంటే కూత సన్నగా మొదలై, బొంగురుపోయి, గురగురమని, చివరికి మాయమవుతుంది. ఆ మాయమైన చోటే గుర్తు. అక్కడి నుంచి ఎన్ని చుట్లు తిప్పితే ఎక్కడ తేలుతామో ఆయన మణికట్టుకు తెలుసు. పావుగంటలో బెంగళూరు హ్యామ్ ఒకాయన దొరికారు. ఆయన మా తమ్ముడికి ఫోను చేసి, మేమందరం మేడ మీద క్షేమంగా ఉన్నామని చెప్పారు.

ఆ రాత్రి నా సంచిలో కూడా ఒక సెట్టు ఉంది. పెదనాన్న సెట్టుకు మనవడి వయసు. దాన్ని నేను బయటికి తియ్యలేదు. తీస్తే టార్చిని పళ్ల మధ్య పట్టుకుని, వేలెడంత తెర మీద అక్షరాలు వెతుక్కుంటూ కూర్చోవాలి. చూపున్న నాకు వెలుగు కావాల్సి వచ్చింది, చూపు లేని ఆయనకు అక్కర్లేకపోయింది. ఈ తేడా గురించి అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

పాతవన్నీ మంచివనే మనిషిని కాను. నెల్లూరులో మోటార్లకు వైండింగ్ చుట్టి బతికేవాణ్ణి. పాత మోటారు ఎంత కరెంటు తాగుతుందో, ఎంత తొందరగా వేడెక్కుతుందో నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. నేను చెప్పేది చిన్న మాట. వింటూ ఉండగా మార్చాల్సినదేదైనా ముందు ప్యానెల్ మీద, ఒక పనికి ఒకటి చొప్పున, తడిమితే దొరకాలి. ఒకసారి పెట్టి మరిచిపోయేది మెనూలోకి పోయినా నాకు అభ్యంతరం లేదు. తయారుచేసేవాళ్లు ఈ రెండింటినీ కలగలిపేస్తున్నారు. కొనే మనమేమో తెర వెడల్పు చూసి మురిసిపోతున్నాం.

ఈ లెక్కన చూస్తే పెదనాన్న సెట్టు కూడా పూర్తి మార్కులు తెచ్చుకోదు. దాని ప్యానెల్ మీద డ్రైవ్, ప్లేట్, లోడ్ అని మూడు నాబ్‌లు ఉన్నాయి. బ్యాండ్ మారినప్పుడల్లా ఈ మూడింటినీ సర్దాలి, లేకపోతే వాల్వులు ఎర్రబడిపోతాయి. సర్దడానికి మీటరు చూడాలి. ఆయన చూడలేరు కాబట్టి పెద్దమ్మ చూస్తుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, “తగ్గుతోంది... తగ్గుతోంది... ఇంకా తగ్గింది... అదిగో మళ్లీ ఎక్కుతోంది” అంటుంది. ఆ ఎక్కబోయే ముందు, ముల్లు అన్నిటికంటే కిందికి దిగిన చోట ఆయన వెనక్కి వచ్చి ఆగుతారు. ప్లేట్ కరెంటు, అంటే వాల్వులు లాగే కరెంటు, అట్టడుగుకు దిగిందంటే వాల్వు వెనక ఉన్న ట్యూనింగ్ కుదిరినట్టు. పెద్దమ్మకు రేడియో సిద్ధాంతం ఒక్క ముక్క తెలియదు, కానీ ఈ పనిలో ఆమెను మించినవాళ్లను నేను చూడలేదు. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర కుదిరిన చోట్లకు ఎదురుగా ప్యానెల్ మీద అగ్గిపుల్ల ముక్కలు బంకతో అంటించి ఉన్నాయి. వరద రాత్రి ఆమె కూడా అక్కర్లేకపోవడానికి కారణం ఆ ముక్కలే.

ట్రాన్సిస్టర్ సెట్లు వచ్చి ఈ మూడు నాబ్‌లనూ ఎత్తేశాయి. మంచిదైంది. అవి వినడానికి గానీ మాట్లాడటానికి గానీ సంబంధించినవి కావు, యంత్రం తన బలహీనతను మన నెత్తిన రుద్దడం అది. వాటితో పాటు ఉండాల్సినవి కూడా పోవడమే నా బాధ.

ఆర్‌ఎఫ్ గెయిన్ సంగతి తీసుకోండి. యాంటెన్నా నుంచి వచ్చిన సిగ్నల్‌ను సెట్టు ఎంత పెంచాలో చెప్పే మీట అది. మా ఇల్లు ఇందుకూరుపేట వైపు. చుట్టూ రొయ్యల గుంటలు. రాత్రయితే ఏరేటర్లు తిరుగుతాయి, వాటి స్టార్టర్లు, కంట్రోలర్లు, గుంట గట్ల మీద ఎల్ఈడీ దీపాలు, అన్నీ కలిసి 7 మెగాహెర్ట్జ్ మీద చల్లే రొద, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరులో 7 దగ్గర కూర్చుంటుంది. ఎస్-9 అంటే హెచ్ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) మీద 50 మైక్రోవోల్టులు, ఒక్కో మెట్టు దిగితే 6 డెసిబెల్‌లు, అంటే వోల్టులు సగం. అంటే మా రొద ఒక్కటే 12 మైక్రోవోల్టుల పైచిలుకు. ఎస్-8లో పలికే మనిషి ఆ రొదలో నానిపోయి వినిపిస్తాడు. కొత్తవాళ్లు వాల్యూమ్ పెంచుతారు, రొద కూడా పెరుగుతుంది, ఇక చెవులు గింగిర్లెత్తుతాయి.

చెయ్యాల్సింది దానికి తలకిందులు. వాల్యూమ్ పెంచి ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించాలి. తగ్గిస్తున్నకొద్దీ ఎస్-మీటరు ముల్లు తనంతట తాను పైకి లేస్తుంది. ముల్లు రొద కంటే కాస్త పైన, మాట కంటే కాస్త కింద నిలిచేలా ఆపితే, మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం దొరుకుతుంది. ఆ నిశ్శబ్దంలోనే చెవి తేరుకుంటుంది. ఇది ఒకసారి పెట్టి వదిలేసే పని కాదు. ఏరేటర్ ఆగితే పెంచాలి, మొదలైతే తగ్గించాలి, పక్క వీధి హ్యామ్ గొంతు విప్పితే చటుక్కున ఇంకా తగ్గించాలి. చెయ్యి దాని మీదే ఉండాలి. నా సెట్టులో ఆర్‌ఎఫ్ గెయిన్ ఎక్కడుందో తెలుసా? మెనూలో ఒక అంశం ఉంది. దాన్ని మారిస్తే స్క్వెల్చ్ నాబ్, అంటే మాట లేనప్పుడు రొదను మూసేసేది, ఆర్‌ఎఫ్ గెయిన్ అవుతుంది. అప్పుడు ఇక స్క్వెల్చ్ ఉండదు. ఒక కంచంలో ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరు తినేటప్పుడు ఇంకొకరు లేవాలన్నట్టు.

పాత పద్ధతిలో ఒకే ఇరుసు మీద రెండు నాబ్‌లు ఉంటాయి, లోపలిది వాల్యూమ్, బయటి చుట్టు ఆర్‌ఎఫ్ గెయిన్. దీన్ని తిట్టేవాళ్లు ఉన్నారు. లోపలిది తిప్పబోతే బయటిది కూడా కదులుతుందంటారు. నిజమే, నాబ్ చవకదైతే. కానీ బొటనవేలు, చూపుడువేలు లోపలి నాబ్ మీద, ఉంగరపు వేలు బయటి చుట్టు మీద పెట్టి రెండింటినీ ఒకేసారి ఎదురెదురుగా తిప్పడం పెదనాన్న దగ్గర చూసి నేర్చుకున్నాను. ఆ కదలికను ఏ మెనూ ఇవ్వలేదు.

ట్యూనింగ్ నాబ్ గురించి ఎక్కువ చెప్పను, దాని విలువ అందరికీ తెలిసిందే. ఒక్క జ్ఞాపకం మాత్రం. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద కార్టోశాట్-1తో పాటు హ్యామ్‌ల కోసం చేసిన చిన్న ఉపగ్రహం హ్యామ్‌శాట్ వెళ్లింది. అప్పట్లో శ్రీహరికోట మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, మా ఊరి పిల్ల పెళ్లయి వెళ్లినంత సంబరం మాకు. 435 మెగాహెర్ట్జ్ మీద పైకి మాట్లాడితే 145.9 దగ్గర కిందికి వినిపించేది. పెదనాన్నకు అప్పుడు చూపు బాగానే ఉండేది. ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన సెట్టు మేడ మీద పెట్టుకుని ఆయన నాబ్ పట్టుకున్నారు, నేను పాత టీవీ యాంటెన్నాలాంటి యాగీ యాంటెన్నాను చేత్తో పట్టుకుని ఆకాశం మీద గీత గీస్తున్నట్టు తిప్పాను. ఆ ఎత్తున తిరిగే ఉపగ్రహం మన మీదుగా పోయేది పది, పదిహేను నిమిషాలు. దగ్గరికి వచ్చేటప్పుడు ఒక వైపు, దూరం పోయేటప్పుడు ఇంకో వైపు, 435 దగ్గర ఫ్రీక్వెన్సీ పది కిలోహెర్ట్జ్‌ల దాకా జారుతుంది. ఆ జారుడుకు తగ్గట్టు మాట మాటకూ నాబ్ జరుపుతూనే ఉండాలి. గొంతు బాతు అరుపులోకి పోతుంటే ఆయన వేలు దాన్ని మనిషి గొంతులోకి లాగేది. 2014 జులైలో ఆ ఉపగ్రహం మూగబోయింది. ఆ నాబ్ తిప్పుడు మాత్రం నా కళ్ల ముందే ఉంది.

ఇక తెరల వైపు న్యాయంగా మాట్లాడాలి. 2016లో వచ్చిన ఐకామ్ ఐసీ-7300 లాంటి సెట్లలో తెర మీద జలపాతంలా బ్యాండు మొత్తం దిగుతూ కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ మాట్లాడుతున్నారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. చెవి మందగించిన పెద్దలకు అది వరం. అందులోనే ఫ్రీక్వెన్సీని గొంతుతో చదివి చెప్పే బటన్ కూడా ఉంది. పెదనాన్నకు దాన్ని చూపించినప్పుడు చాలా ముచ్చటపడ్డారు, నాలుగైదు సార్లు నొక్కించుకుని విన్నారు. తర్వాత పవర్ తగ్గించాలంటే ఎక్కడ అని అడిగారు. నేను ఒక నాబ్ నొక్కి, తెర మీద వచ్చిన చిన్న పెట్టెను వేలితో తాకి, మళ్లీ నాబ్ తిప్పాను. ఆయన వేలు ఆ గాజు మీద ఇటూ అటూ జారి, ఏమీ తగలక, వెనక్కి వచ్చింది. “నున్నగా ఉంది” అన్నారు, అంతే.

గుడ్డివాళ్లు ఎందరు ఉంటారు, వాళ్ల కోసం అందరూ నాబ్‌లు మొయ్యాలా అని ఒక మిత్రుడు వాదించాడు. తుఫాను రాత్రి మనమందరం గుడ్డివాళ్లమే కదా అన్నాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మా మీదుగా బాపట్ల వైపు పోయినప్పుడు నా వేళ్లు తడిసి ముద్దయ్యాయి, గాజు తెర నా వేలికీ వానచుక్కకూ తేడా తెలియక తికమకపడింది. నాబ్‌కు అలాంటి తికమక ఉండదు.

ఇంకో మాట. మన దేశంలో హ్యామ్ లైసెన్సు పరీక్షలో రేడియో సిద్ధాంతం అడుగుతారు, నిబంధనలు అడుగుతారు, జనరల్ గ్రేడు కావాలంటే నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో చుక్కలూ గీతల మోర్స్ కూడా రావాలి. సెట్టు ముందు కూర్చోబెట్టి, ఇదిగో రొద, ఇదిగో బలహీనమైన గొంతు, విని రాసివ్వు అనే పరీక్ష లేదు. ఓమ్ సూత్రం తప్పు లేకుండా రాసి పాసైన కుర్రాళ్లు ఆర్‌ఐటీ నాబ్ దేనికో తెలియక నెలల తరబడి ఎదుటివాళ్ల వెంట ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతుంటారు. ఆర్‌ఐటీ అంటే మనం పలికే చోటు కదలకుండా, వినే చోటు మాత్రం కాస్త జరుపుకోవడం. అది తెలియక ఇద్దరూ ఒకరి కోసం ఒకరు జరుగుతూ పోతే కాసేపటికి బ్యాండు చివర తేలుతారు.

నాబ్‌ల కంటే నాకు ఎక్కువ మంట పుట్టించేవి కనెక్టర్లు. నాబ్ తప్పయితే విసుగు, కనెక్టర్ తప్పయితే ఖర్చు.

ముందు ప్యానెల్ మీద ఎడమ మూలన గుండ్రటి మైక్ సాకెట్ చూసే ఉంటారు. ఎనిమిది పిన్నులు, మరతో బిగించే చుట్టు. మూడు పెద్ద జపాన్ కంపెనీలూ ఇదే సాకెట్ వాడాయి. ఒకరి మైక్ ఇంకొకరి సెట్టులో చక్కగా దూరుతుంది, చక్కగా బిగుసుకుంటుంది. కానీ లోపలి తీగల వరస మూడింటిదీ మూడు దారులు. ఒకరికి మాట వచ్చే పిన్ను ఒకటోది, ఇంకొకరికి ఎనిమిదోది. మాట్లాడే మీట ఒకరికి రెండో పిన్ను, ఒకరికి అయిదోది, ఒకరికి ఆరోది. అన్నిటికంటే ఘోరం, ఒక కంపెనీలో మీట ఉన్న ఆ రెండో పిన్నులోనే మరో కంపెనీ 8 వోల్టుల సరఫరా పెట్టింది. మీట నొక్కడమంటే ఆ పిన్నును నేలకు కలపడం. అంటే తప్పు మైక్ పెట్టి మీట నొక్కితే, సరఫరాను నేరుగా నేలకు తగిలించినట్టు. నేను నొక్కాను. అరువు మైక్, అరువు సెట్టు. చిన్న రెసిస్టర్ మాడిన వాసన ముందు వచ్చింది, తెలివి తర్వాత వచ్చింది. వేరు వేరు తీగల వరస పెట్టుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది, కానీ అప్పుడు సాకెట్ ఆకారం కూడా వేరుగా పెట్టాలి. మన ఇళ్లలో 15 ఆంపియర్ల ప్లగ్గు 5 ఆంపియర్ల సాకెట్లో ఎందుకు దూరదో చిన్నపిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు కార్లలో పెట్టుకునే సెట్లకు ఇంటర్నెట్ తీగ పట్టే సాకెట్ లాంటిదే మైక్‌కు పెడుతున్నారు. మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ బాగుచెయ్యడానికి వచ్చిన అబ్బాయి రూటరు తీగ పట్టుకుని నా సెట్టు వైపు నడుస్తుంటే ఎంత గట్టిగా అరిచానో నాకే తెలుసు.

యాంటెన్నా కనెక్టర్ది మరో కథ. మనం పీఎల్-259 అని పిలిచే ప్లగ్గు 1930లలో పుట్టింది, యాంఫినాల్ కంపెనీలో క్వాకెన్‌బుష్ అనే ఇంజనీరు రూపొందించాడు. దాన్ని యూహెచ్ఎఫ్ కనెక్టర్ అంటారు గానీ యూహెచ్ఎఫ్‌లో, అంటే 300 మెగాహెర్ట్జ్ పైన, దాని పని అంతంతమాత్రమే. దాని లోపల ఇంపెడెన్స్, అంటే రేడియో కరెంటుకు ఎదురయ్యే అడ్డు, 50 ఓమ్‌ల దగ్గర నిలకడగా ఉండదు. 435 మెగాహెర్ట్జ్ లాంటి చోట్లకు బెల్ ల్యాబ్స్ ఇంజనీరు పాల్ నీల్ పేరు మీద వచ్చిన ఎన్ కనెక్టర్ మేలు, నీళ్లు కూడా లోపలికి పోనివ్వదు. హెచ్ఎఫ్‌లో మాత్రం పీఎల్-259 దున్నపోతులా పనిచేస్తుంది. దాని శత్రువు మా ఉప్పుగాలి. సముద్రం నుంచి వచ్చే గాలికి రెండేళ్లలో చుట్టు మీద పచ్చటి చిలుము పడుతుంది. బిగించినా లోపల కరవదు, యాంటెన్నా వైపు నుంచి సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ ఒకరోజు ఒకటిన్నర, మర్నాడు మూడు. యాంటెన్నాను అనుమానించి వేపచెట్టు ఎక్కి దిగేవాళ్లు ముందు ప్లగ్గు విప్పి చూసుకుంటే మోకాళ్లు మిగులుతాయి.

రెండు యాంటెన్నా కనెక్టర్లు ఉన్న చిన్న సెట్లు వస్తాయి, ముందు ఒకటి, వెనక ఒకటి. ఏ బ్యాండుకు ఏది పనిచెయ్యాలో మెనూలో పెట్టాలి. నాదీ అలాంటిదే. మైపాడు బీచిలో ఒక ఆదివారం తెల్లవారుజామున తాటిచెట్టుకు తీగ కట్టి, దాన్ని వెనక కనెక్టర్‌కు బిగించి అరగంట పిలిచాను. ఒక్కరూ పలకలేదు. చేపల వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన పాపం, “ఎవరూ ఎత్తడం లేదా నాయనా?” అని అడిగారు. ఆ బ్యాండును ఎప్పుడో ముందు కనెక్టర్‌కు మార్చి మరిచిపోయాను, అందులో ఏమీ లేదు. 5 వాట్లే కాబట్టి సెట్టు బతికింది. ప్యానెల్ మీద ముందు-వెనక అని ఒక చిన్న స్విచ్చి ఉంటే ఆ అరగంట నాకు మిగిలేది, ఆ పెద్దాయనకు నా మీద జాలి కలిగేది కాదు.

కరెంటు తీగల గురించి ఒక్క ముక్క. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు దాకా లాగుతుంది. తీగలోనూ కనెక్టర్లలోనూ కలిపి ఒక ఓమ్‌లో ఇరవయ్యో వంతు అడ్డు ఉన్నా ఒక వోల్టు అక్కడే మాయం. సన్నటి తీగతో సెట్టు ఆరిపోతోందని నా షాపుకు తెచ్చేవాళ్లలో సగం మంది సెట్లలో ఏ లోపమూ ఉండదు.

పోయిన నెల ఒంగోలు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కొత్తగా లైసెన్సు వచ్చింది, ఎవరి దగ్గరో పాత సెట్టు బేరం కుదుర్చుకుని, డబ్బు కట్టే ముందు చూపించుకుందామని కోవూరు తెచ్చాడు. ఎన్ని వాట్లు, ఎన్ని బ్యాండ్లు అని చెప్పుకుపోతున్నాడు. పెదనాన్న వినలేదు. సెట్టును ఒళ్లోకి లాక్కుని అరచేతులు ఆనించారు. ఇది వాల్యూమ్, దీని చుట్టూ ఆర్‌ఎఫ్ గెయిన్, మంచిది. ఇది ఆర్‌ఐటీ, మధ్యలో గాడి తగులుతోంది, బాగుంది. మైక్ ఎనిమిది పిన్నులది, దీని మైక్ దీనితోనే వచ్చిందా, వచ్చిందా సరే. హెడ్‌ఫోను రంధ్రం వదులు. వెనక్కి తిప్పి యాంటెన్నా సాకెట్‌ను గోటితో గీకి వాసన చూశారు. సముద్రం దగ్గర ఇంట్లో ఉండేదా అన్నారు. కొత్తపట్నంలో అన్నాడు కుర్రాడు నోరు తెరిచి.

మళ్లీ ముందుకు తిప్పారు. కింది వరసలో కుడి చివర ఒక చిన్న బటన్ మీద వేలు ఆగింది.

“ఇది దేనికి?”

“ఒకసారి నొక్కితే ఒకటండీ, నొక్కి పట్టుకుంటే ఇంకొకటి, ఎఫ్ నొక్కి దీన్ని నొక్కితే...” అంటూ కుర్రాడు ఫోనులో మాన్యువల్ తెరిచాడు. పెద్దమ్మ కాఫీ తెచ్చి ఇచ్చింది. మేం తాగడం అయిపోయింది. అతని గ్లాసు మీద మీగడ కట్టింది, అతను ఇంకా పేజీలు జరుపుతూనే ఉన్నాడు.